మేస్త్రీ లేని బిస్కెట్టిల్లు

వాట్‌గంజ్, కలకత్తా
27 డిసెంబరు 1996, శుక్రవారం

ఖరగ్‌పూరులో కొడుకు దగ్గర ఉంటున్న మా వదిన తవిటమ్మ గారి సముఖానికి,

వాట్‌గంజ్ నుంచి దాలమ్మ దండాలు పెట్టి రాయించే సంగతులు. ఇక్కడ నేను, నా కొడుకు బైరాగి, కోడలు అరుంధతి తిని తిరుగుతున్నాం. నా కళ్ళకి మసకలు కమ్మాయి గాని నోరు ఇంకా బాగానే పనిచేస్తోంది. నువ్వూ, నీ కొడుకూ కోడలూ, మనవలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. మీ ఆయన పోలిరాజన్నయ్య పోయినప్పుడు నేను రాలేదు. వస్తే నువ్వు గుమ్మం ఎక్కనివ్వవని తెలుసు. అది మనసులో పెట్టుకోకు. పెట్టుకున్నా సరే, ఈ ఉత్తరం మాత్రం చివరిదాకా విను.

మర్యాదలు అయిపోయాయి. ఇక తగువులోకి వస్తాను.

ఇది రాస్తున్నది నాగేశ్వరి గారు. పోర్టులో ఆఫీసరు గారి భార్య, ఆదివారాలు మన వీధి పిల్లల్ని కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దిస్తారు. నేను మన మాటలో చెబుతుంటే ఆవిడ పుస్తకం మాటలోకి తిప్పి రాస్తున్నారు. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే రాయమన్నాను. తగువులో ఒకరి మాట దిద్దితే అది న్యాయం కాదు. నీకూ చదువు రాదు, నాకూ రాదు. నీ మనవడి చేత చదివించుకో. గుసగుసగా కాదు. వీధిలో మంచం వేసుకుని, పక్కింటి వాళ్ళు వినేలా గట్టిగా చదవమను. నువ్వు నా మీద నేరం మోపింది వందమందిలో కదా.

మోపలేదని అనకు. పోయిన నెల మీ ఆడపడుచు మనవరాలి పెళ్ళికి మా పక్కింటి సన్యాసమ్మ వచ్చింది. భోజనాల పంక్తిలో ఎవరో మిఠాయి బాగుందన్నారట. మాట వంటవాళ్ళ మీదికి పోయిందట. నువ్వు తింటున్న చెయ్యి ఆపి అన్నావట, "వాట్‌గంజ్ దాలమ్మ నా గోడ కూల్చింది. నా కూడు తీసింది. అది సచ్చినా నాను సూడ్డానికి ఎల్ను" అని. సన్యాసమ్మ ఉన్న మాటకి నాలుగు కలిపే మనిషని నీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకని మూడు రోజుల తేడాలో మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఒక్క మాట కూడా మారలేదు. అంటే నువ్వు అన్నదే.

కాబట్టి నా మొదటి మాట రాయించుకుంటున్నాను. నీ గోడ మీద నేను చెయ్యి వెయ్యలేదు. వేలి కొస కూడా తగలనివ్వలేదు. ఏ గుడిలోనైనా దీపం ఆర్పి చెబుతాను.

నాగేశ్వరి గారికి మన కథ తెలియదు. మొదటినుంచి చెబితే గాని రాయలేనంటున్నారు. నీకు తెలిసిందే అని విసుక్కోకుండా విను. నీకు తెలిసింది నీ వైపుది.

మనిద్దరం ఒకే రైల్లో, ఒకే మూట మీద కూర్చుని శ్రీకాకుళం నుంచి ఈ ఊరు వచ్చాం. మన మగవాళ్ళు ఓడల డాకులో బరువులెత్తారు. మనం ఖిదిర్‌పూర్‌లో పైలట్ మేమ్‌సాబు బంగళాలో వంటపనికి కుదిరాం. ఆవిడ భర్త సముద్రంలో ఆగిన ఓడల్ని నదిలోకి దారి చూపి తెచ్చేవాడు. అందుకే ఏ దేశపు సరుకైనా ఆ ఇంటికి వచ్చేది. ప్రతి బొడోదిన్‌కీ, అంటే వాళ్ళ క్రిస్మస్ పండక్కి, మేమ్‌సాబు బిస్కెట్టిల్లు కట్టించేది. మైదాపిండిలో వెన్న, శొంఠిపొడి, దాల్చినచెక్క, లవంగం, ఆ పైన ఓడలో వచ్చే డబ్బా నల్లపాకం పోసి పిండి కలపాలి. రొట్టెలా ఒత్తి, గోడలకో కొలత, కప్పుకో కొలత కోసి కాల్చాలి. కాలిన పలకలు అట్టముక్కల్లా టంగుమనాలి. గుడ్డు తెల్లసొనలో మెత్తటి పంచదార పొడి, నిమ్మరసం వేసి గిలకొడితే తెల్లగా బిగుస్తుంది. దాంతో అతికించి, నిలబెట్టి, పైన అదే తెల్లటిది మంచులా కార్చాలి. దాన్ని ఆవిడ ఏదో పేరు పెట్టి పిలిచేది. మనం సున్నం అనేవాళ్ళం.

పొయ్యి నాది. గోడ నీది. మొదటి ఏడాదే అలా తేలిపోయింది. నా చేత్తో నిలబెడితే పడేది, నీ చేత్తో కాలిస్తే మాడేది. నీ గోడ చూసి మేమ్‌సాబు ముచ్చటపడి నిన్ను మిస్త్రీ, అంటే మేస్త్రీ, అని పిలిచింది. నన్ను మాత్రం ఉన్నన్నాళ్ళూ "ఏయ్" అనే పిలిచింది. ఆ మాట కూడా రాయండి అన్నాను, నాగేశ్వరి గారు నవ్వుతూ రాశారు.

పదిహేడేళ్ళ కిందట, డెబ్బై తొమ్మిదిలో, పండగ ముందురోజు సాయంత్రం ఏం జరిగిందో నీకు చెప్పక్కర్లేదు. ఇంటినిండా చుట్టాలు, పైలట్ల పెళ్ళాలు, పిల్లలు. ఇంటిని తెచ్చి ముందు గదిలో బల్ల మీద పెట్టాం. కొవ్వొత్తులు వెలిగించారు. పాట మొదలుపెట్టబోతుండగా కప్పు ఒక పక్కకి జారింది. తర్వాత గోడలు తడిసిన అట్టల్లా లోపలికి వంగాయి. చప్పుడు కూడా కాలేదు. పిల్లలు పగలబడి నవ్వారు, వాళ్ళని చూసి పెద్దవాళ్ళూ నవ్వారు. ఆ నవ్వు మేమ్‌సాబుకి తగిలింది. వంటగదిలోకి వచ్చి నీకేసి చూసి, "కాల్ థేకే ఆర్ ఎషో నా" అంది. రేపటినుంచి రావద్దని. గోడ నీది కాబట్టి నీకే అంది. నువ్వు నాకేసి చూశావు. నేను పళ్ళేలు తుడుస్తున్నాను.

ఆ మధ్యాహ్నం నువ్వు పిల్లలకి అన్నం పెట్టడానికి వెళ్ళినప్పుడు బిస్కెట్టింటి దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. అందుకని కావాలని గోడ కదిపానని నీ అనుమానం. మిస్త్రీ పేరు నీకొచ్చిందని నాకు కుళ్ళు అన్నావట. కుళ్ళు ఉండేది, లేదనను. గోడ కదపలేదు.

ఇంక ఈ ఏటి సంగతి.

సన్యాసమ్మ మాట విన్న దగ్గర్నుంచి నాకు అన్నం దిగలేదు. ఆ కోపంలోనే నూరుల్ చాచా రొట్టెల భట్టీకి వెళ్ళాను. గుర్తుందా, మసీదు సందు చివర ఉండేది. ఇప్పటికీ కట్టెల భట్టీయే. పండగ వారం ముందునుంచి ఊళ్ళో జనం ఎవరి పిండి, ఎవరి వెన్న, ఎవరి గుడ్లు వాళ్ళు తెచ్చుకుని అక్కడ కేకులు కాల్పించుకుంటారు. చాచా మాటల్లో చెప్పాడు, పైలట్ మేమ్‌సాబు బతికే ఉందట. భర్త పోయాడు, బంగళా పోయింది, ముసలివాళ్ళ ఆశ్రమంలో ఒక మంచం మీద ఉందట. ఏటేటా డిసెంబరు రాగానే ఎవరో ఒకరిని భట్టీకి పంపి, బిస్కెట్టిల్లు ఎవరైనా చేస్తారా అని అడిగిస్తుందట. చేసేవాళ్ళు ఇప్పుడు ఎవరున్నారు మాశీ అన్నాడు.

నేనున్నాను అన్నాను.

నా ఆలోచన ఇది. ఒక ఇల్లు కట్టి మా గదిలో పెడతాను. ఎవరినీ ముట్టనివ్వను. ఈ ఊరి చెమ్మ గాలికి మనిషి చెయ్యి పడకుండానే కూలుతుందని పదిమందికి చూపిస్తాను. నా మీద మచ్చ పోతుంది. ఆ తర్వాత మేమ్‌సాబుకి మరోటి.

నా కోడలు అరుంధతి నోరు నీకు తెలియదు, నువ్వు వెళ్ళాక వచ్చింది. పెట్టె మీద నేను గోడలు నిలబెడుతుంటే నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, "అత్తా, మన కప్పు కారితే బకెట్టు ఎట్టినావు. దీనికేటి, గొడుగు ఎడతావా?" అంది. బైరాగి ఊరుకోవాలి కదా, వాడూ అందుకుని, "పార్టీ బాబులకి సెప్పనా అమ్మా, దీనికీ ఓ కమిటీ ఏస్తారు. నిలబడాలో కూలాలో మీటింగులో తేలుస్తారు" అన్నాడు. నవ్వుకోండర్రా అన్నాను.

మూడో రోజు మధ్యాహ్నం ముగ్గురం అన్నాలు తింటున్నాం. బారెడు దూరంలో ఎవరూ లేరు. కప్పు జారింది, గోడలు వంగాయి. అచ్చం ఆనాటిలాగే, చప్పుడు లేకుండా. నేను ఎంగిలి చెయ్యి పైకెత్తి, "సూసినారా? ఎవులు ముట్టినారు? సాచ్చికం మీరే" అని అరిచాను. అరుంధతి బిత్తరపోయి, "ఇల్లు కూలితే ఇంత సంబరపడే మనిసిని నిన్నే సూసినాను" అంది.

కాబట్టి నా రెండో మాట రాయించుకుంటున్నాను. ఆ ఇల్లు ఎవరూ ముట్టకుండానే కూలింది. సాక్షులు ఇద్దరు.

రెండో ఇంటికి పిండి వేరేగా కలిపాను. ఎలాగన్నది తర్వాత చెబుతాను. పలకలు కోసి రేకు పళ్ళెంలో పేర్చి భట్టీకి పట్టుకెళ్ళాను. అక్కడ ఊళ్ళో పళ్ళేలన్నీ వరసలో ఉన్నాయి. ఒక్కోదానికి పేరు రాసిన చీటీ. చీటీ నాకెందుకు, నా పాత చీర అంచు చింపి పళ్ళేనికి ముడేశాను. పొద్దుటి రొట్టెలు తీసేశాక భట్టీలో వేడి నెమ్మదిస్తుంది, బిస్కెట్టుకి ఆ వేడే కావాలి. నూరుల్ చాచా నా అవస్థ చూసి, "మాశీ, ఘొరే జాన్, ఆమి దేఖ్‌బో" అన్నాడు. ఇంటికెళ్ళు పిన్నీ, నేను చూసుకుంటాలే అని. గోడ ఒకరికి అప్పగించాను గాని పొయ్యి ఎప్పుడూ ఎవరికీ అప్పగించలేదు అని చెప్పి, భట్టీ మూత పక్కనే ముక్కుతో కాపలా కాశాను. లవంగం వాసన పోయి శొంఠి వాసన నిలిచినప్పుడు తియ్యమన్నాను. తీస్తే ఒక్క పలక మాడలేదు, ఒక్కటి మెత్తబడలేదు. డెబ్బై ఏళ్ళు వచ్చినా నా పొయ్యి నా మాట వింటోంది వదినా.

కట్టడం దగ్గర వచ్చింది చిక్కు. మొదటిది వంకరటింకరగా అతికించినా సరిపోయింది, ఇది నిలవాలి. నా చేతులు వణుకుతాయి. గోడ పెడితే ఇటు ఒరిగింది, సున్నం పెడితే కారింది. అరుంధతి పట్టుకుంటే అటు ఒరిగింది. రెండు గోడలు విరిగాయి, మళ్ళీ భట్టీకి పరుగెత్తాం. నేను తిట్టాను. అరుంధతి తిరిగి తిట్టింది. ఆఖరికి ఇద్దరం అలిసిపోయి కూర్చున్నప్పుడు, ఎవరో పక్కన ఉన్నట్టు, నీ చేతులు గుర్తొచ్చాయి.

చెప్పడం నాకు ఇష్టం లేదు, అయినా న్యాయం కాబట్టి చెబుతాను. నువ్వు సున్నం గిలకొట్టే గిన్నెని ముందు నిమ్మచెక్కతో రుద్దేదానివి, జిడ్డు చుక్క ఉన్నా బిగవదని. గోడకి అటొక గ్లాసు ఇటొక గ్లాసు నీళ్ళు నింపి ఆనించేదానివి. మూలలు ముందు, తలుపు తర్వాత. గోడలు నిలిచిన రోజున కప్పు జోలికే వెళ్ళేదానివి కాదు. ఒక పగలు, ఒక రాత్రి ఆరనిచ్చి, మర్నాడు గోడ మీద గోరుతో కొట్టి చెవి పెట్టేదానివి, సంతలో కుండ కొనేటట్టు. టంగుమంటేనే కప్పు. కప్పు పెట్టాక రెండు అరచేతులతో పట్టుకుని కదలకుండా నిలబడి, "ఒదినా, ఏదన్నా కబురు సెప్పు, ఇది ఆరాల" అనేదానివి. నేను వాట్‌గంజ్‌లో ఎవరింట్లో ఏం జరిగిందో అంతా చెప్పేదాన్ని. నా కబుర్లు అయిపోయేసరికి నీ కప్పు నిలిచేది.

అలాగే చేశాం. అన్నీ నీ పద్ధతే. అరుంధతి కప్పు పట్టుకుంది. నేను కబుర్లు మొదలుపెట్టాను. ఎవరివో చెబుదామనుకున్నాను, నీవే వచ్చాయి. రైల్లో నీ పెద్దాడికి వాంతులైతే నా కొత్త చీర చెరుగుతో తుడిచావు, అది చెప్పాను. మా ఆయన గోవిందరాజు కాలు విరిగి మంచం పట్టినప్పుడు నువ్వు రోజూ గంజి తెచ్చావు, అది చెప్పాను. మేమ్‌సాబు పిల్లి బిస్కెట్టు చిమ్నీ ఎత్తుకుపోతే నువ్వు చీపురు పట్టుకుని గేటుదాకా తరిమావు, అది చెప్పాను. అరుంధతి నవ్వి నవ్వి కప్పు వదిలేయబోయింది. కాసేపటికి నవ్వు ఆపి, "అత్తా, ఆవిడ ఇంత మంచిదైతే పదిహేడేళ్ళు నువ్వెందుకు ఊసాడలేదు?" అని అడిగింది. కప్పు కదులుతోంది, నోరుమూసుకో అన్నాను.

కప్పు నిలిచింది వదినా. మూడు రోజులు చూశాం. నిలిచే ఉంది.

మంగళవారం పొద్దున్న చెక్క పలక మీద పెట్టి, పైన పల్చటి పాత చీర కప్పి, చేతిరిక్షాలో బయలుదేరాం. ఒళ్ళో ఇల్లు, పక్కన అరుంధతి. ఖిదిర్‌పూర్ మోడ్ కూడలి దాకా బాగానే వెళ్ళాం. అక్కడ మిచ్ఛిల్. ఊరేగింపు ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలియడం లేదు. అన్నీ ఎర్రజెండాలే. బస్సులు ఆగిపోయాయి. ఎండ ఎక్కుతోంది, సున్నం కారిపోతుందని నా భయం. రిక్షావాడు, "దిగి నడవండి మాశీ" అన్నాడు. నేను నడిస్తే ఇల్లు మిగలదు. అప్పుడు జెండా పట్టుకున్న కుర్రాడొకడు వచ్చి ఒళ్ళో ఏముందని అడిగాడు. చీర తీసి చూపించాను. వాడు నోరు తెరిచి, వెనక్కి తిరిగి, మీటింగులో అరిచినట్టు అరిచాడు, "మాశీ ఘొర్ నియే జాచ్ఛే, రాస్తా ఛాడో" అని. పిన్ని ఇల్లు పట్టుకుపోతోంది, దారివ్వండి అని. ముందు ఒకళ్ళు, తర్వాత పదిమంది, తర్వాత అందరూ అదే కేక ఎత్తుకున్నారు. ఆ జనం రెండుగా చీలి దారిచ్చారు. రాణీలా వెళ్ళాననుకో. అరుంధతి సిగ్గుతో చీర కొంగు మొహాన కప్పుకుంది. ఈ పార్టీ బాబుల్ని నేను చాలా తిట్టాను గాని ఆ ఒక్క రోజుకీ తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను.

ఆశ్రమంలో నాలుగు మంచాల గది. కిటికీ పక్క మంచం మీద మేమ్‌సాబు. ఎంతయిపోయిందో తెలుసా, చిన్నపిల్లంత. ఇల్లు పక్క బల్ల మీద పెట్టి చీర తీశాను. నాకేసి చూడలేదు. ఇంటికేసే చూసింది. చెయ్యి చాపి గోడ తడిమింది. తడిమి, "మిస్త్రీ కోథాయ్?" అంది. మిస్త్రీ ఎక్కడ అని. నేనే చేశానని చెబుతున్నా వినదు. ఇది మిస్త్రీ చెయ్యి అంటుంది.

మిస్త్రీని నువ్వే రావద్దన్నావు కదా అన్నాను. ఆవిడ మొహం ముడిచింది. తనేం అనలేదంది. మిస్త్రీయే చెప్పాపెట్టకుండా మానేసి వెళ్ళిపోయిందంది. వదినా, ఆవిడ మరిచిపోయింది! మన జీవితాల్ని రెండుగా చీల్చిన మాట ఆవిడకి గుర్తే లేదు.

అప్పుడు నేను చెప్పవలసిందంతా చెప్పాను. ఆ ఏడు ఏం జరిగిందో మొదటినుంచి చివరిదాకా, నిలబడే చెప్పాను. గదిలో సిస్టరమ్మ ఉంది, అరుంధతి ఉంది, మిగతా మూడు మంచాల ముసలివాళ్ళూ ఉన్నారు. అంతా విని మేమ్‌సాబు ఆ ఇంటి కప్పు మీద చెయ్యి వేసింది. తర్వాత గట్టిగా, గదంతా వినేలా, "మిస్త్రీర్ దోష్ ఛిలో నా" అంది. తప్పు మిస్త్రీది కాదు అని. నిన్ను తీసుకురమ్మంది. నువ్వు వచ్చేదాకా ఆ ఇంట్లో చిమ్నీ కూడా ఎవరినీ తుంచనివ్వనంది. పక్క మంచం ఆవిడ ఒక కిటికీకి చెయ్యి చాపితే వేళ్ళ మీద కొట్టింది.

కాబట్టి నా మూడో మాట. నీ మీద మచ్చ లేదు. అయిదుగురు సాక్షుల ఎదుట మేమ్‌సాబే చెప్పింది. నీ మనవణ్ణి ఈ ముక్క రెండుసార్లు చదవమను.

బయటికి వచ్చి మెట్ల మీద కూలబడ్డాను. పదిహేడేళ్ళ కిందట గొంతులో అడ్డంపడ్డ ముల్లు ఇన్నాళ్ళకి దిగిపోయినట్టుంది. అరుంధతి, "ఏడుస్తన్నావేటి?" అంది. ఎండ అన్నాను. ఆ రోజు ఇంటికొచ్చి రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాను. నిన్న మధ్యాహ్నం కూడా అంతే. ఇంత తేలిగ్గా ఉంటుందని తెలిస్తే ఎప్పుడో చేసేదాన్ని.

ఇదీ నా వాదన. గోడ మీద చెయ్యి వెయ్యలేదు. ఇల్లు ముట్టకుండా కూలింది. నీ పేరు శుభ్రంగా ఉంది. ఇంక నువ్వు రావాలి. మేమ్‌సాబు ఎనభై అయిదు దాటింది, ఆ ఇల్లూ ఎన్నాళ్ళో ఆగదు. నీ కోడలికి, మనవలకి నా దీవెనలు.

ఇట్లు,
నీ మీద కోపం తీరని, నీ మీద ఆశ చావని
దాలమ్మ
(ఎడమచేతి బొటనవేలి ముద్ర)

తా.క. నాగేశ్వరి గారు కవరు అంటించేశారు. నేను వీధి మలుపుదాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. విప్పించాను. ఇంకా రాయాల్సి ఉంది.

గోడ మీద చెయ్యి వెయ్యలేదన్నది నిజమే. కానీ పిండి కలిపింది ఎవరు వదినా? నేను.

ఆ ఏడు నల్లపాకం డబ్బా నా చేతిలోంచి జారింది. వంటగది నేలంతా నల్లగా పారింది. ఏడాదికి ఒకటే డబ్బా. అప్పటికి మా ఆయన కాలు విరిగి మంచం మీద ఉన్నాడు, ఇంట్లో నా పని ఒక్కటే ఆధారం. సాకు చెప్పడం లేదు, ఉన్నది చెబుతున్నాను. ఎవరూ చూడకముందే నేల కడిగేశాను. బజారుకి పరుగెత్తి, చలికాలంలో కుండల్లో అమ్మే పల్చటి ఈతబెల్లం పాకం కొనుక్కొచ్చి పోశాను. రంగు కలిసింది, వాసన ఇంకా బాగుంది. కాల్చినప్పుడు పైకి గట్టిగానే వచ్చింది. కానీ ఆ పల్చటి పాకం లోపల తడిని వదలదు. రోజులు గడిచే కొద్దీ గాలిలో చెమ్మని పీల్చుకుంటుంది.

నీకు తెలిసిపోయింది. కప్పు పెట్టేరోజు పొద్దున్న గోడ మీద గోరుతో కొట్టి, "ఒదినా, ఇది మొద్దుగా పలుకుతంది. ఇంకో దినం ఆరనిద్దుమా?" అన్నావు. నేను, "నీకన్నీ అనుమానాలే, కప్పెయ్" అన్నాను. నా మాట నమ్మి వేశావు. నీ గోరు చెప్పింది వినకుండా నన్ను నమ్మావు. మేస్త్రీవని పిలిపించుకున్నదానివి, ఖరగ్‌పూరు వెళ్ళి నిజం మేస్త్రీల దగ్గర తల మీద ఇటుకలు మోశావని తర్వాత విన్నాను. నేను పళ్ళేలు తుడుస్తూనే ఉన్నాను.

ఈ ఏడు మొదటి ఇంటికి కావాలనే అదే పల్చటి పాకం పోశాను. కూలినప్పుడు పైకి సంబరపడ్డాను. చెమ్మ ఒక్కటే అయితే రెండోది కూడా కూలాలి కదా. రెండోదానికి గట్టి అచ్చుబెల్లం తెచ్చి ముదురుపాకం పట్టాను. అది నిలిచింది. ఆ రోజుతో నాకు దాక్కునే చోటు లేకుండా పోయింది. మేమ్‌సాబుకి చెప్పింది ఇదే. ఆవిడ నాతో అన్నది, "ఎతొ దిన్ పొరే బొల్‌లే?" అని. ఇన్నాళ్ళకా చెప్పడం అని. అంతే. ఇంటికి వచ్చాక అరుంధతి టీ పెట్టి ఇచ్చి, "అత్తా, ఆవిడికి ఉత్తరం ఎయ్యి. కోర్టు కాయితంలా కాదు" అంది. నేను మాత్రం పైన కోర్టు కాయితంలాగే చెప్పాను. అలవాటైపోయింది.

నాగేశ్వరి గారు కలం ఆపి నా మొహం చూస్తున్నారు. రాయండమ్మా అన్నాను. ఈ ముక్క మెల్లగా చదవమను అని చెప్పబోయాను. వద్దు. ఇది కూడా వీధిలోనే, గట్టిగానే చదవమను.

వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దుటి లోకల్‌కి రా. తిట్టడానికైనా రా. హౌరా స్టేషన్‌లో పెద్ద గడియారం కింద నిలబడతాను. దాన్ని చూసి టైము చెప్పడం నాకు రాదు. తెల్లారగానే వచ్చి, నువ్వు దిగేదాకా ఉంటాను.